మౌస్: మొదటి రోజు చేయి, పదో ఏటి చేయి

"టేబుల్ అయిపోయింది బిడ్డా, ఇగ ఎటు పోవాలె?"

హనుమకొండలోని మా నెట్ సెంటర్‌కు కంప్యూటర్ నేర్చుకుందామని వచ్చిన ఒక పెద్దమ్మ అడిగిన మాట ఇది. అంగన్‌వాడీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. మౌస్‌ను టేబుల్ అంచు దాకా జరిపింది. తెర మీద బాణం మాత్రం సగం దూరంలోనే ఆగిపోయింది. మౌస్‌ను పైకెత్తి మళ్లీ మధ్యలో పెట్టుకోవచ్చని, ఎత్తినంతసేపు బాణం కదలదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు. పాతికేళ్లుగా రోజూ వందల సార్లు ఎత్తి పెడుతున్నాను గానీ, అది కూడా ఒకప్పుడు నేర్చుకున్న పనేనన్న సంగతి మరచిపోయాను.

మౌస్ వాడటం చాలా ఈజీ అంటాం. ఆ ఈజీ అన్న మాటలో రెండు వేరు వేరు సంగతులు ముడిపడి ఉన్నాయి. మొదటి రోజు చేయి పెట్టినవాళ్లకు సులువా? పదేళ్లపాటు రోజుకు ఎనిమిది గంటలు పట్టుకునేవాళ్లకు సులువా? రెండూ ఒకటే అనుకుంటాం. కానీ చాలాసార్లు ఒకదానికి ఇంకొకటి అడ్డం పడుతుంది. అరవై ఏళ్లుగా మౌస్ తయారుచేసేవాళ్లు ఈ రెండింటి మధ్యే గుంజులాడుతున్నారు.

కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫోర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజనీరు ఊహించిన పరికరాన్ని 1964లో ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ తయారుచేశాడు. అరచేతిలో పట్టే చెక్క దిమ్మ, పైన ఒకే మీట, అడుగున ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా రెండు లోహపు చక్రాలు. ఒక చక్రం పక్కకు జరిగిన దూరాన్ని, రెండోది ముందుకూ వెనక్కూ జరిగిన దూరాన్ని కొలిచేవి. తోకలాగా వైరు వేలాడేది కాబట్టి ఎలుక అన్నారు. ముందుగా ఎవరి నోట వచ్చిందో ఆ బృందంలో ఎవరికీ గుర్తులేదు.

వాళ్లు తమ వస్తువును గుడ్డిగా నమ్మలేదు. నాసా ఇచ్చిన డబ్బుతో పోటీ పెట్టారు. తెరకు ఆనించి చూపే లైట్ పెన్, జాయ్‌స్టిక్, ఆఖరికి టేబుల్ కింద మోకాలితో నెట్టే మీట కూడా ఆ పోటీలో ఉన్నాయి. అలవాటు పడ్డవాళ్ల చేతుల్లో మౌస్ గెలిచింది. ఇక్కడిదాకా అందరూ చెప్పుకునేదే. ఎవరూ పెద్దగా చెప్పుకోనిది ఏమిటంటే, అసలు అలవాటు లేనివాళ్లు లైట్ పెన్‌తోనూ మోకాలి మీటతోనూ మౌస్‌కంటే వేగంగా పని కానిచ్చారు. మా పెద్దమ్మ ఆ పరీక్షకు కూర్చుని ఉంటే, కీళ్ల నొప్పులు లేకపోతే గనక, మోకాలికే ఓటేసేది.

అంటే మౌస్ పుట్టుకతోనే పదో ఏటి చేతి పక్షాన నిలబడింది. ఎంగెల్‌బార్ట్‌కు దానిమీద పట్టింపు లేదు. మూడు చక్రాల సైకిల్ ఎవరైనా ఎక్కగానే తొక్కుతారు, అలాగని పెద్దయ్యాక కూడా దాన్నే తొక్కుతారా అన్నది ఆయన వాదన. రెండు చక్రాల సైకిల్ మోకాళ్లు పగిలాకే వస్తుంది, కానీ ఊళ్లు దాటిస్తుంది. ఆ పట్టుదలతోనే ఎడమ చేతికి అయిదు మీటల చిన్న కీబోర్డు కూడా పెట్టాడు. హార్మోనియంలాగా ఒకేసారి రెండు మూడు మీటలు నొక్కితే ఒక అక్షరం పడేది. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జనం ముందు రెండూ వాడి చూపించాడు. మౌస్ లోకమంతా తిరిగింది. అయిదు మీటలది మ్యూజియానికి పోయింది, ఎందుకంటే దాన్ని నేర్చుకునే ఓపిక ఎవరికీ లేదు. మౌస్ మీద పేటెంట్ 1970లో వచ్చింది, జనం ఇళ్లలోకి మౌస్ వచ్చే వేళకు, 1987లో, దాని గడువు తీరిపోయింది. ఆయనకు దాని మీద పైసా రాయల్టీ రాలేదు.

లోహపు చక్రాల చోటికి బంతి వచ్చింది. జర్మనీలో టెలిఫంకెన్ కంపెనీ 1968లోనే బంతి మౌస్ తెచ్చింది. జిరాక్స్ వాళ్ల పాలో ఆల్టో ప్రయోగశాలకు మారిన బిల్ ఇంగ్లిష్ అక్కడ 1972లో మరొకటి చేశాడు. కంప్యూటర్ మీద అచ్చు పేజీలు కూర్చే మా తరం డీటీపీ వాళ్లందరం దానితోనే చేయి తిప్పుకున్నాం. రబ్బరు తొడిగిన ఉక్కు బంతి లోపల రెండు రోలర్లను తిప్పుతుంది. ఒక్కో రోలర్ చివర సన్నని చీలికలున్న బిళ్ల, దానికి ఒకపక్క లైటు, ఇంకోపక్క ఆ లైటును చూసే కన్ను ఉంటాయి. బిళ్ల తిరుగుతుంటే వెలుగు పడుతూ ఆగుతూ ఉంటుంది. ఎన్నిసార్లు పడిందో లెక్కపెడితే అంత దూరం జరిగినట్టు.

నా మొదటి ఉద్యోగం వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక చిన్న డీటీపీ సెంటర్‌లో. అడ్తిదారుల బిల్ బుక్కులు, రైతులకిచ్చే తక్‌పట్టీ రసీదులు, పెండ్లి కార్డులు చేసేవాళ్లం. దసరా దాటి పత్తి రావడం మొదలైతే గాలంతా దూది పింజలే. ఆ నూగు బంతికి చుట్టుకుని లోపలికి పోయి రోలర్ల మీద బిళ్లలాగా గట్టిపడేది. బాణం పక్కకు పోతుంది గానీ పైకి పోదు. మౌస్ బోర్లించి, అడుగున మూత తిప్పి, బంతి తీసి, గోటితో ఆ నల్లని పట్టీని గీకి తీయడం రోజుకు రెండుసార్లు చేసే పని. ఆ పని మీద ఇప్పటికీ కొంచెం మమకారం ఉంది. వస్తువు చెడితే ఎక్కడ చెడిందో కంటికి కనిపించేది.

1999లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్ ఎక్స్‌ప్లోరర్‌తో బంతి పోయి ఎర్ర లైటు వచ్చింది. ఆప్టికల్ మౌస్ అంటే చిన్న కెమెరా. ఆ మొదటి మోడల్ సెకనుకు 1,500 సార్లు అడుగున ఉన్న టేబుల్‌ను ఫొటో తీసి, ముందు ఫొటోకూ తర్వాతి ఫొటోకూ పోల్చి, గరుకు ఎటు జరిగిందో చూసి, మౌస్ ఎటు జరిగిందో లెక్కగట్టేది. ఫొటో అంటే తపాలా బిళ్లలో మూలంత కూడా ఉండదు, ఆ లెక్కకు అదే చాలు.

కానీ పెండ్లి కార్డులు చేసే దుకాణాల్లో టేబుల్ ఎలా ఉంటుంది? మీద అద్దం, అద్దం కింద శాంపిల్ కార్డులు. అద్దం మీద గరుకు లేదు, కెమెరాకు ఆనవాలు దొరకదు, బాణం పిచ్చిపట్టినట్టు ఎగురుతుంది. కొత్త మౌస్ పాడైపోయిందని తిరిగి ఇచ్చేసినవాళ్లను చూశాను. ఒక పాత కార్డును బోర్లించి మౌస్ కింద పెడితే చాలు. మౌస్ ప్యాడ్ కంటే మాట్ ఫినిష్ కార్డే మంచిగ పనిచేస్తుందని మా దగ్గర ఇప్పటికీ వాదించే ఆపరేటర్లు ఉన్నారు.

ఇక మీటల సంగతి. ఇక్కడే రెండు చేతుల తగాదా బాగా బయటపడుతుంది. జిరాక్స్ ప్రయోగశాలలో 1973 నాటి ఆల్టో కంప్యూటర్ మౌస్‌కు మూడు మీటలు. ఆపిల్ వాళ్లు లీసా కంప్యూటర్ కోసం మౌస్ చేయించుకునేటప్పుడు, ఏ మీట నొక్కాలన్న ప్రశ్నే రాకూడదని ఒక్కటే ఉంచారు. అప్పటికి మౌస్ మూడు వందల డాలర్ల వస్తువు. దాన్ని పదుల డాలర్లకు దించమని ఒక డిజైన్ సంస్థకు అప్పగిస్తే, ఆ కుర్రాళ్లు మందుల షాపుకెళ్లి చంకల్లో రాసుకునే డియోడరెంట్ రోలర్ కొని, దాని బంతిని పీకి, వెన్న గిన్నె కింద పెట్టి మొదటి నమూనా చేశారు. 1983లో లీసాతో ఒంటి మీట మౌస్ బయటికొచ్చింది. అదే ఏడు వచ్చిన మైక్రోసాఫ్ట్ మౌస్‌కు రెండు మీటలు.

ఒకటే మీట అంటే మొదటి రోజుకు ఎంత హాయి! కానీ పనులు తగ్గలేదు కదా. ఫైలును ఎంచుకోవాలి, తెరవాలి కూడా. మీట ఒక్కటే కాబట్టి తేడా టైములో పెట్టారు. ఒకసారి నొక్కితే ఎంపిక, గబగబా రెండుసార్లు నొక్కితే తెరవడం. కంటికి కనిపించే మీటను తీసేసి, కనిపించని లయను పెట్టారు. మూడు మీటల్లో ఏది నొక్కాలో ఒక గంటలో నేర్పవచ్చు. డబుల్ క్లిక్ లయ నేర్పడానికి నాకు ఒక్కోసారి వారం పట్టింది.

విండోస్‌లో మామూలు సెట్టింగ్ ప్రకారం రెండు నొక్కుళ్లూ అర సెకనులోపు పడాలి. పెద్దవాళ్లు నెమ్మదిగా నొక్కుతారు కాబట్టి రావట్లేదని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. పెద్దమ్మ చేతిని దగ్గరగా చూస్తే తెలిసింది, వేగం సరిపోతోంది. కానీ నొక్కినప్పుడల్లా మౌస్ మొత్తం కొద్దిగా పక్కకు జారుతోంది. రెండు నొక్కుళ్ల మధ్య బాణం నాలుగు చుక్కలు అటో ఇటో కదిలినా కంప్యూటర్ దాన్ని డబుల్ క్లిక్‌గా లెక్కపెట్టదు, రెండు విడివిడి క్లిక్కులు అనుకుంటుంది. "నొక్కుతనే ఉన్న బిడ్డా, అది ఇంటలేదు" అన్న ఆమె మాట అక్షరాలా నిజం. మణికట్టు టేబుల్ మీద ఆనించి వేలు మాత్రమే కదపమంటే కొంత నయమైంది. అసలు మందు వేరే ఉంది. ఒకసారి నొక్కి, కీబోర్డు మీద ఎంటర్ కొట్టడం. డబుల్ క్లిక్ లేకుండానే జీవితం గడిచిపోతుంది.

ఆమె టేబుల్ అయిపోవడానికి కూడా ఇలాంటి కారణమే ఉంది. విండోస్‌లో మౌస్‌ను వేగంగా జరిపితే బాణం ఎక్కువ దూరం పోతుంది, అదే దూరం నెమ్మదిగా జరిపితే తక్కువ పోతుంది. చిన్న గురి కోసం నెమ్మదిగా కదిపేవాళ్లకు సాయంగా పెట్టిన ఏర్పాటది. అలవాటైన చేయి ఒక విసురుతో తెర దాటేస్తుంది. ఏం పాడవుతుందోనని భయంగా జరిపే చేతికే టేబుల్ ఎక్కువ కావాలి.

షాపుల్లో 16,000 డీపీఐ మౌస్ అని డబ్బాల మీద పెద్ద అక్షరాలతో వేసి అమ్ముతారు. ఒక అంగుళం జరిగితే కంప్యూటర్‌కు ఎన్ని చుక్కలుగా చెబుతుందన్నదే ఆ అంకె. 1,920 చుక్కల వెడల్పున్న తెరకు 800 డీపీఐ మౌస్‌ను రెండున్నర అంగుళాలు జరిపితే చాలు. అదే 16,000 పెడితే మూడు మిల్లీమీటర్లకే తెర దాటిపోతుంది. కామాకూ ఒత్తుకూ మధ్య బాణం నిలపాల్సిన డీటీపీ మనిషికి దానితో పనేమిటి? డబ్బాలోంచి తీసి దాన్ని తగ్గించుకోవడమే మొదటి పని.

అయితే గురి చూసి క్లిక్ చేయడానికి పట్టే టైమును దేనితో కొలవాలి? కంప్యూటర్ మౌస్ పుట్టకముందే, 1954లో, పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఒక సూత్రం చెప్పాడు. గురి ఎంత దూరంగా ఉంటే అంత టైము పడుతుంది, ఎంత చిన్నగా ఉంటే ఇంకా అంత పడుతుంది. అయితే దూరం రెట్టింపయితే టైము రెట్టింపు కాదు, కాస్త పెరుగుతుందంతే. 1978లో జిరాక్స్ పరిశోధకులు, వాళ్లలో మన బిల్ ఇంగ్లిష్ కూడా ఒకడు, ఈ సూత్రంతో మౌస్‌ను కొలిచారు. జాయ్‌స్టిక్, బాణాల కీలు వెనకబడ్డాయి. మౌస్ వేగం మాత్రం ఉత్త చేత్తో వేలు పెట్టి చూపే వేగానికి దాదాపు దగ్గరగా వచ్చింది. అంటే గురిలో ఆలస్యం మౌస్‌ది కాదు, మన చేతిది. అక్కణ్నుంచి మౌస్‌కు ఎన్ని నగిషీలు చెక్కినా ఆ వేగం పెద్దగా పెరగదు. సులువు ఇంకా పెరగాలంటే తెర మీద మీటలు ఎక్కడ, ఎంత సైజులో పెట్టారన్నది మార్చాలి.

ఆపిల్ వాళ్లు మెనూను తెర పై అంచుకు అంటించడం ఈ లెక్కకు బాగా కుదురుతుంది. బాణం తెర దాటి పోదు కదా, ఎంత విసిరినా అంచు దగ్గర ఆగుతుంది. కాబట్టి అంచు మీదున్న మీట చిన్నదైనా చేతికి చాలా పెద్దది. మూలలు ఇంకా పెద్దవి. కళ్లు మూసుకుని విసిరినా మూలకు తగులుతుంది. ఇదే సూత్రాన్ని తలకిందులుగా వాడేవాళ్లూ ఉన్నారు. వెబ్‌సైట్లలో ప్రకటన మూసే ఇంటూ గుర్తు ఆవగింజంత ఎందుకుంటుందనుకున్నారు? ఫిట్స్ లెక్క వాళ్లకూ బాగా తెలుసు.

ఒకే మీటకు రెండు అర్థాలు పెట్టడం ఎంత ప్రమాదమో స్క్రోల్ చక్రం దగ్గర తెలిసొచ్చింది. 1996లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్‌తో ఇది జనంలోకి వచ్చింది. నా దృష్టిలో మౌస్‌కు జరిగిన మేళ్లలో ఇదే పెద్దది, రెండు చేతులూ ఒప్పుకున్న ఒకే ఒక్క మార్పు. కానీ ఒక సాయంత్రం ఒక విద్యార్థి అప్లికేషన్ నింపుతున్నాను. జిల్లా దగ్గర జాబితా తెరిచి హనుమకొండ ఎంచాను. పేజీ కిందికి జరపాలని చక్రం తిప్పాను. పేజీ జరగలేదు. తెలియకుండానే జాబితా ఒక్క మెట్టు దిగింది. ఇంగ్లిషు అక్షర క్రమంలో హనుమకొండ కింద ఉండేది హైదరాబాద్. సబ్మిట్ కొట్టాక ప్రింటు తీస్తే పిల్లవాడు హైదరాబాదీ అయిపోయాడు. సవరణ గడువు వచ్చేదాకా మా ఇద్దరికీ ఒకటే టెన్షన్. తప్పు నాదే, సబ్మిట్ ముందు చూసుకోవాలి. కానీ కొన్ని పాత బ్రౌజర్లలో అదే చక్రం బాణం ఎక్కడుందన్నదాన్ని బట్టి కాక, చివరగా దేన్ని ముట్టుకున్నామన్నదాన్ని బట్టి పని చేస్తుంది. అలవాటైన చేయి మరీ నమ్మకంగా తిప్పుతుంది కాబట్టి కొత్తవాళ్లకంటే మాలాంటివాళ్లమే ఇందులో ఎక్కువ పడతాం. అప్పటినుంచి జాబితాలో ఎంచుకోగానే పక్కన ఖాళీ చోట ఒక క్లిక్ కొట్టి, ఆ తర్వాతే చక్రం ముట్టుకుంటాను.

ఆకారం గురించి ఎక్కువ చెప్పను. 1998లో ఆపిల్ ఐమాక్‌తో గుండ్రని మౌస్ ఇచ్చింది. చూడముచ్చటగా ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే ఏది ముందో ఏది వెనకో తెలియదు. కుడికి జరిపితే బాణం ఐమూలగా పోయేది. అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. 2015 నాటి వాళ్ల మౌస్‌కు చార్జింగ్ రంధ్రం అడుగున పెట్టారు, వైరు గుచ్చితే మౌస్ వెల్లకిలా పడుకోవాల్సిందే. పని చేసేవాళ్ల చేతికీ డిజైనర్ కంటికీ మధ్య దూరం ఎంతో అక్కడ తెలుస్తుంది.

అసలు బాధ మణికట్టు దగ్గరుంది. ఎప్పుడూ బరువెత్తని నా కుడి ముంజేయి ముప్పై అయిదో ఏట నొప్పి మొదలుపెట్టింది. మౌస్ ఎంత, వంద గ్రాములు కూడా ఉండదు, దానికి నొప్పేమిటి అనుకున్నాను. చేనేత ఇళ్లలో పెరిగినవాళ్లను అడిగితే ఆ ప్రశ్న వేయరు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, నేతకు ముందు దారం చుట్టే ఆసు యంత్రం ఎందుకు కనిపెట్టాడు? ఒక్కో చీరకు చేయి వేల సార్లు ముందుకూ వెనక్కూ తిప్పీ తిప్పీ తల్లి లక్ష్మి భుజం పడిపోతుంటే చూడలేక. దారానికి బరువుందా? తిప్పిన లెక్కే చేయిని తింటుంది.

మౌస్ దగ్గర లెక్కకు తోడు ఇంకో రెండు ఉన్నాయి. మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు ఎముకలు. చేయి ఊరికే పక్కన వేలాడేసినప్పుడు బొటనవేలు ముందుకు చూస్తుంది. అరచేతిని టేబుల్‌కు బోర్లిస్తే ఆ రెండు ఎముకలు ఒకదానిమీద ఒకటి మెలిపడతాయి. అలా మెలిపెట్టి ఎనిమిది గంటలు ఉంచుతాం. నిలువు మౌస్ పుట్టింది ఇందుకే, కరచాలనం చేస్తున్నట్టు పట్టుకోవచ్చు. ముంజేతికి హాయిగా ఉంటుంది, కానీ క్లిక్ పక్కనుంచి పడుతుంది కాబట్టి మౌస్ జారుతుంది, సన్నని గురి తప్పుతుంది. రెండు వారాలు ఓపిక పడితే అలవాటవుతుంది. మా ఆపరేటర్లలో ఒకరు మూడో రోజే పడేశారు, ఇంకొకరు ఇప్పుడు వేరేది ముట్టుకోరు.

రెండోది ఎవరూ అనుమానించనిది. కీబోర్డు కుడి చివర అంకెల మీటలు. వాటి పుణ్యాన మౌస్ జానెడు దూరం కుడికి పోతుంది, భుజం రోజంతా పక్కకు చాచే ఉండాలి. అంకెల మీటలు లేని పొట్టి కీబోర్డు కొన్నా, లేదా మౌస్‌ను ఎడమ చేతికి మార్చుకున్నా ఆ జానెడు తగ్గుతుంది. ఎడమ చేతికి మారడం కష్టమేమీ కాదు, నెల రోజులు నత్తనడక, తర్వాత మామూలే. సెట్టింగ్స్‌లో మీటలు అటూ ఇటూ మార్చుకునే వీలు ఎప్పటినుంచో ఉంది.

మణికట్టులో నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ జబ్బు మౌస్ వల్లే వస్తుందని చాలామంది గట్టిగా చెబుతారు. పరిశోధనలు అంత గట్టిగా చెప్పవు. ముంజేతి నొప్పికి, మౌస్ గంటలకు ఉన్న సంబంధం దానికంటే స్పష్టంగా కనిపిస్తుంది. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మాత్రం మౌస్ మార్చడం కాదు, డాక్టర్ దగ్గరికి పోవాలి.

నేను పోయాను. నాకు ఆ జబ్బు లేదు. ఫిజియోథెరపీ చేసినాయన ఎక్సర్‌సైజులు చెప్పేముందు దుకాణంలో టేబుల్ ఎంత ఎత్తని అడిగాడు. ముప్పై అంగుళాలు, అన్ని ఆఫీసు టేబుళ్లలాగే. కూర్చున్నప్పుడు నా మోచేయి దానికంటే కింద ఉంటుంది. అంటే ఇన్నేళ్లుగా భుజం పైకెత్తి, మణికట్టు వెనక్కి విరిచి, టేబుల్ అంచు మీద నరాన్ని ఆనించి పని చేస్తున్నాను. మూడు మౌస్‌లు మార్చాను, అందులో ఒకదానికి రెండు వేల రూపాయలు పెట్టాను. కుర్చీ మీద పాత బొంతలు వేసుకుని ఎత్తు పెంచితే కాళ్లు గాలిలో వేలాడాయి.

చివరికి వడ్లాయనను పిలిపించి టేబుల్ కాళ్లు రెండున్నర అంగుళాలు కోయమన్నాను. రంపం పెట్టేముందు ఆయన టేబుల్‌ను ఊపి చూశాడు, నాలుగు మూలలా తట్టాడు, వంగి కాళ్లు చూశాడు.

"గట్టిగనే ఉన్నది గద సార్, ఇంత మంచి టేకు టేబుల్‌ను ఎందుకు కోపిస్తున్నరు?"

"మౌస్ మంచిగ లేదు" అన్నాను.